3422 డిగ్రీల దాకా కరగని టంగ్‌స్టన్ 1300 డిగ్రీలకే ఎందుకు పాడవుతుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. టంగ్‌స్టన్ 3422 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు కదా, మరి దాన్ని లోపలి గోడలకు వాడే ఫ్యూజన్ రియాక్టర్ల (తేలిక పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి తీసే యంత్రాల) వాళ్ళు 1200, 1300 డిగ్రీల గురించే ఎందుకంత బెంగపడతారు? మీ ల్యాబ్‌లో ఇద్దరు సప్లయర్ల దగ్గర కొన్న రెండు ప్లేట్లూ 99.95 శాతం శుద్ధతవే అయినా, ఒకే హీటింగ్ టెస్టులో ఒకటి నిలబడి ఇంకొకటి ఎందుకు పగిలింది? గ్రెయిన్ల (లోహం లోపలి చిన్న స్ఫటికాల) సైజు తగ్గిస్తే ఈ గొడవంతా తీరిపోదా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. టంగ్‌స్టన్ చెడేది కరిగి కాదు, లోపలి నిర్మాణం మారిపోయి. దానికున్న కాస్తంత సాగే గుణం రోలింగ్ (రోలర్ల మధ్య నలిచి పలచబరచడం) వల్ల వచ్చింది. 1200 డిగ్రీలు దాటాక, మామూలు శుద్ధ టంగ్‌స్టన్‌లో రోలింగ్ ఇచ్చిన ఆ నిర్మాణం చెరిగిపోయి కొత్త గ్రెయిన్లు పుడతాయి. దీన్నే రీక్రిస్టలైజేషన్ అంటాం. వేడిగా ఉన్నంతసేపు ఏమీ తెలియదు. చల్లారాక చూస్తే ముక్క పెళుసెక్కి ఉంటుంది. ఈ సంగతి శుద్ధత శాతంలో కనబడదు, సగటు గ్రెయిన్ సైజులోనూ కనబడదు. గ్రెయిన్లు ఏ ఆకారంలో ఉన్నాయి, ఎటు తిరిగి ఉన్నాయి, ఎంత వేడి దాకా అలాగే నిలుస్తాయి అన్నవి తెలిస్తేనే ఆ ప్లేటు గురించి ఏమైనా చెప్పగలం. మీ మూడో ప్రశ్నకు జవాబు: సైజు తగ్గించడం సాయపడుతుంది, కానీ ఆ చిన్న సైజును పనిచేసే వేడిలో నిలబెట్టే ఏర్పాటు ఉంటేనే.

నేను చాలా ఏళ్ళుగా పౌడర్ మెటలర్జీలో, ముఖ్యంగా టంగ్‌స్టన్, మాలిబ్డినం మీద పనిచేస్తున్నాను. వ్యాక్యూమ్ ఫర్నేసు భాగాలు, షీట్లు, ఎక్స్‌రే టార్గెట్లు నా రోజువారీ పని. ఫ్యూజన్ నా సొంత రంగం కాదుగానీ, ఆ పరీక్షల నమూనాలు కోసి, పాలిష్ చేసి, ఎచ్ చేసి (రసాయనంతో గ్రెయిన్ సరిహద్దులు బయటపడేలా చేసి), ఏం జరిగిందో చెప్పే పని చాలానే చేశాను. కింద రాసేది ఎక్కువగా ఆ అనుభవం నుంచే.

రాగి చదివిన అలవాటుతో టంగ్‌స్టన్‌ను చూడకండి

మెటలర్జీ విద్యార్థులందరూ మొదట నేర్చుకునేది ఇది: లోహాన్ని చల్లగా సుత్తితో కొడితే, రోల్ చేస్తే గట్టిపడి పెళుసవుతుంది. అనీల్ చేస్తే (వేడిచేసి నెమ్మదిగా చల్లారిస్తే) మెత్తబడి మళ్ళీ సాగుతుంది. రాగిలో, ఇత్తడిలో, మామూలు స్టీల్లో ఇది నిజం. టంగ్‌స్టన్‌లో సగమే నిజం. అనీల్ చేస్తే మెత్తబడుతుంది, అవును. రోల్ చేసిన ప్లేటు వికర్స్ గట్టిదనం (వజ్రపు మొన గుచ్చి కొలిచే అంకె) దాదాపు 430 నుంచి 480 మధ్య ఉంటే, పూర్తిగా రీక్రిస్టలైజ్ అయ్యాక 350, 360 దగ్గరికి దిగుతుంది. అయితే మెత్తబడ్డ ఆ ముక్కే గది ఉష్ణోగ్రత దగ్గర ఏమాత్రం వంగకుండా విరుగుతుంది. ఎక్కువగా రోల్ చేసిన ముక్క వంగుతుంది. మెత్తదనం వేరు, సాగే గుణం వేరు అని టంగ్‌స్టన్ నేర్పినంత గట్టిగా ఇంకే లోహమూ నేర్పదు.

దీనికి కారణం స్ఫటికంలోనే ఉంది. టంగ్‌స్టన్ బీసీసీ లోహం, అంటే పరమాణువులు ఘనం మూలల్లోనూ నడిమధ్యలోనూ ఉండే అమరిక. లోహం సాగాలంటే డిస్‌లొకేషన్లు (స్ఫటికం వరసల్లోని గీతలాంటి లోపాలు) కదలాలి. బీసీసీలో ఎడ్జ్ రకం డిస్‌లొకేషన్లు తేలిగ్గానే కదులుతాయి. స్క్రూ రకం వాటి మధ్యభాగం మాత్రం ఒకే తలంలో ఉండకుండా చుట్టూ ఉన్న తలాల్లోకి పరుచుకుని ఉంటుంది. దాన్ని కదిలించాలంటే వేడి నుంచి వచ్చే శక్తి తోడు కావాలి. ఆ వేడి చాలనప్పుడు పగులు కొస దగ్గర పేరుకున్న ఒత్తిడిని డిస్‌లొకేషన్లు పంచుకోలేవు, పగులే ముందుకు పోతుంది. ఏ ఉష్ణోగ్రత దాటితే పెళుసు పోయి సాగడం మొదలవుతుందో దాన్ని డీబీటీటీ అంటాం. రీక్రిస్టలైజ్ అయిన టంగ్‌స్టన్‌కు ఇది కొన్ని వందల డిగ్రీల్లో ఉంటుంది. బాగా రోల్ చేసిన పలచటి షీట్లలో గది ఉష్ణోగ్రత దగ్గరికి, ఇంకా గట్టిగా రోల్ చేస్తే అంతకన్నా కిందికి కూడా దిగుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. డీబీటీటీని ద్రవీభవన స్థానంలాగా ఆ లోహానికి చెందిన స్థిరమైన అంకెగా తీసుకోవద్దు. లోడు ఎంత వేగంగా పడుతుంది, నమూనాలో గాడి ఉందా, ఉపరితలం ఎలా పాలిష్ అయింది, ఏ దిశలో కోశారు అన్నవాటిని బట్టి ఒకే ప్లేటుకు వందల డిగ్రీల తేడా వస్తుంది. చార్పీ పరీక్షలో (లోలకం సుత్తితో ఒక్కసారిగా కొట్టి విరిచే పరీక్ష) వచ్చే అంకె, నిదానంగా వంచితే వచ్చే అంకెకంటే బాగా ఎక్కువ. పేపర్లలోని అంకెలు పోల్చేటప్పుడు ముందు పరీక్ష ఏమిటో చూడండి.

రోలింగ్ ఎందుకు సాయపడుతుందన్నది చాలాకాలం వాదనగా ఉన్న విషయం. హానిచేసే ఆక్సిజన్, ఫాస్ఫరస్ లాంటివి గ్రెయిన్ సరిహద్దుల్లో చేరి వాటిని బలహీనం చేస్తాయనీ, రోలింగ్‌లో సరిహద్దులు పెరిగి ఆ మలినం పలచబడుతుందనీ పాత వివరణ. అందులో కొంత నిజం ఉండవచ్చు. నాకు ఎక్కువ నమ్మకంగా కనిపించేది ఇంకోటి. రోలింగ్‌లో గ్రెయిన్లు ఒకదానిమీదొకటి పలచగా పరుచుకుంటాయి, వాటిలోపల తక్కువ కోణపు సరిహద్దులు (రెండువైపుల భాగాలూ కొద్దిగానే తిరిగి ఉండేవి) దట్టంగా ఏర్పడతాయి. పగులు కొస ఎక్కడున్నా, దానికి దగ్గర్లోనే డిస్‌లొకేషన్లు పుట్టే చోట్లు ఉంటాయి. పైగా పగులు ప్లేటు మందానికి అడ్డంగా పోవాలంటే అన్ని పొరలూ దాటాలి. జర్మనీలోని కార్ల్స్‌రూహె పరిశోధకులు 0.1 మిల్లీమీటరు మందం ఉన్న టంగ్‌స్టన్ ఫాయిల్‌ను గది ఉష్ణోగ్రతలోనే వంచి చూపించారు. అదే ఫాయిల్‌ను బాగా ఎక్కువ వేడిలో అనీల్ చేస్తే ఆ గుణం పోయింది. రసాయనం మారలేదు, మందం మారలేదు. మారింది లోపలి నిర్మాణం ఒక్కటే.

దిశ మాట: వెదురు

రోల్ చేసిన టంగ్‌స్టన్‌ను వెదురు బద్దలా ఊహించుకోండి. అడ్డంగా విరవడం కష్టం, నిలువునా చీల్చడం తేలిక. పరుచుకున్న గ్రెయిన్ల మధ్య సరిహద్దుల వెంట పగులు సులువుగా పారుతుంది, వాటిని అడ్డంగా కోసుకుంటూ పోవడం దానికి కష్టం. కాబట్టి ఒకే ప్లేటు నుంచి మూడు దిశల్లో నమూనాలు కోసి పరీక్షిస్తే మూడు వేర్వేరు లోహాల్లా ప్రవర్తిస్తాయి. టంగ్‌స్టన్ షీటు అంచులు పొరలు పొరలుగా ఊడిరావడం వర్క్‌షాపులో పనిచేసే ప్రతివాళ్ళూ చూసి ఉంటారు. షీటు బాగాలేక కాదు, ఆ నిర్మాణం పోకడే అంత.

ఈ చీలే గుణాన్ని ఇంజినీర్లు ఎలా వాడుకున్నారో చూడండి. ఫ్రాన్స్‌లో కడరాష్ దగ్గర కడుతున్న ఇటర్ ఫ్యూజన్ రియాక్టర్లో ప్లాస్మా (అతివేడి వాయువు) నుంచి బయటికి తోసుకొచ్చే వేడినీ కణాల్నీ తీసుకునే అడుగు భాగం డైవర్టర్. 54 క్యాసెట్లుగా ఉంటుంది. వేడి ఎక్కువగా తగిలేచోట నడుమ రంధ్రం ఉన్న చిన్న టంగ్‌స్టన్ దిమ్మల్ని ఒక గొట్టం మీద పూసల్లా గుచ్చుతారు. వీటిని మోనోబ్లాక్‌లంటారు. గొట్టం రాగి, క్రోమియం, జిర్కోనియం మిశ్రమం. దానిలోపల ఒత్తిడి మీద నీళ్ళు పారుతుంటాయి. ఉపరితలం మీద పడే వేడి చదరపు మీటరుకు 10 మెగావాట్లు నిలకడగా, కొన్ని సెకన్లపాటు 20 మెగావాట్లు కూడా.

ఈ దిమ్మల స్పెసిఫికేషన్లో గ్రెయిన్లు సాగిన దిశ ప్లాస్మా వైపు ముఖానికి లంబంగా, అంటే వేడి ప్రవహించే దిశలోనే ఉండాలని రాసుకున్నారు. పగులు ఎలాగూ గ్రెయిన్ల వెంటే వస్తుందన్నది తెలిసిన విషయం. అది ముఖానికి సమాంతరంగా వస్తే పైపొర కిందినుంచి విడిపోతుంది, వేడి కిందికి దిగే దారి తెగిపోతుంది, ఆ పొర కరిగిపోతుంది. అదే పగులు వేడి దారి వెంట నిలువుగా వస్తే దానికి రెండువైపులా వేడి యథాప్రకారం నీళ్ళలోకి దిగుతుంటుంది. పగులు రాకుండా ఆపలేనిచోట అది ఎటు రావాలో వాళ్ళే నిర్ణయించారు. నా దృష్టిలో టంగ్‌స్టన్ నిర్మాణం గురించి ఇంత చక్కగా ఆలోచించిన ఉదాహరణ ఇంకోటి లేదు.

అయినా లోతు పగుళ్ళు తప్పలేదు. 20 మెగావాట్ల పరీక్షల్లో వందల సార్లు వేడిచేసి చల్లార్చాక కొన్ని దిమ్మల్లో ముఖం మధ్యనుంచి గొట్టం వైపు నిలువుగా ఒకే పెద్ద పగులు దిగింది. అదెలా వస్తుందో దశలుగా చెప్తాను, ఎందుకంటే మీ ప్లేటులో జరిగింది దీనికి దగ్గరగానే ఉండొచ్చు. వేడి పడ్డప్పుడు ముఖం ఉష్ణోగ్రత 2000 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది. పైభాగం వ్యాకోచించబోతే కింది చల్లటి భాగం అడ్డుపడుతుంది. వేడి పైపొర నలిగి శాశ్వతంగా కుదించుకుంటుంది. అదే సమయంలో అక్కడి నిర్మాణం రీక్రిస్టలైజ్ అయి మరింత మెత్తబడుతుంది, కాబట్టి ఆ కుదింపు ఇంకా పెరుగుతుంది. చల్లారేటప్పుడు కథ తిరగబడుతుంది. కుదించుకున్న పొరను కింది భాగం లాగుతుంది. ఆ లాగుడు తగిలే సమయానికి పైపొర ఉష్ణోగ్రత డీబీటీటీ కిందికి వచ్చేసి ఉంటుంది, పైగా అది రీక్రిస్టలైజ్ అయిన పెళుసు పొర. ప్రతి విడతకూ ఇలా నలగడం, లాగబడడం పేరుకుని చివరికి తెరుచుకుంటుంది. అంటే దెబ్బ తగిలేది వేడిలో, పగిలేది చల్లారేటప్పుడు. "1300 దగ్గర బాగానే ఉంది, తర్వాత తీసి చూస్తే పగిలింది" అని మీరు రాసింది చదవగానే నాకు ఇదే తట్టింది.

ఆ పరీక్షల్లో ఇంకో సంగతి కూడా తేలింది. ఒకే స్పెసిఫికేషన్ తీర్చిన టంగ్‌స్టన్లు కూడా ఎవరు తయారుచేశారన్నదాన్ని బట్టి వేర్వేరుగా ప్రవర్తించాయి. కొన్ని ముందే పగిలాయి, కొన్ని పగలకుండా పూర్తిచేశాయి. ఎవరు ఏ ఉష్ణోగ్రతలో రోల్ చేశారు, ఎంత శాతం నలిచారు, మధ్యలో ఎన్నిసార్లు అనీల్ చేశారు అన్న చరిత్ర స్పెసిఫికేషన్ కాగితంలోకి పూర్తిగా రాదు. మీ రెండు ప్లేట్ల కథ కూడా అదే అయివుండడానికి ఎక్కువ అవకాశం ఉంది.

1200 అనేది గీత కాదు

రీక్రిస్టలైజేషన్ ఉష్ణోగ్రత అని పుస్తకాల్లో ఒక అంకె ఇస్తారు. అది సాధారణంగా ఒక గంట అనీల్ చేస్తే ఏమవుతుందన్న లెక్క. టైము పెంచితే అంకె కిందికి దిగుతుంది. గంటలో 1300 దగ్గర జరిగేది వేల గంటల్లో అంతకంటే బాగా తక్కువ వేడిలోనే జరుగుతుంది. మీ టెస్టు పది నిమిషాలదైతే 1300 క్షేమంగా దాటొచ్చు. ఏళ్ళ తరబడి నడిచే యంత్రానికి అదే అంకె ప్రమాదం.

మరీ గట్టిగా రోల్ చేసిన ప్లేటులో దాచుకున్న శక్తి ఎక్కువ, కాబట్టి అది ఇంకా ముందే రీక్రిస్టలైజ్ అవుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగా సాగే ప్లేటే వేడిలో ముందుగా ఆ గుణాన్ని పోగొట్టుకోవచ్చన్నమాట. షీటు కొనేటప్పుడు వంచి చూసి మురిసిపోయి, దాన్నే 1500 డిగ్రీల ఫర్నేసులో పెట్టేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే.

బల్బు తీగ దగ్గర నేర్చుకున్న పాఠం

అంత వేడిలో నిర్మాణాన్ని నిలబెట్టొచ్చా? నిలబెట్టొచ్చు. ఫ్యూజన్ మాట పుట్టకముందే బల్బుల వాళ్ళు ఆ పని చేశారు. 1904లో బుడాపెస్ట్‌లో యుస్ట్, హనమన్ అనే ఇద్దరు టంగ్‌స్టన్ ఫిలమెంటుకు పేటెంటు తీసుకున్నారు. అది పొడిని ముద్దచేసి కాల్చిన తీగ, ముట్టుకుంటే విరిగేది. 1909, 1910 ప్రాంతంలో జనరల్ ఎలక్ట్రిక్‌లో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్ కడ్డీని వేడిమీద కొట్టి సన్నబరుస్తూ, పని సాగేకొద్దీ వేడిని తగ్గించుకుంటూ పోయి గది ఉష్ణోగ్రతలో వంగే తీగ తీశాడు. పైన చెప్పిన పరుచుకున్న నిర్మాణానికి ఇది తీగ రూపం.

బల్బు వెలిగించాక అసలు చిక్కు వచ్చింది. 2500 డిగ్రీల దగ్గర ఆ నిర్మాణం చెరిగి గ్రెయిన్లు పెరిగి, ఒక్కొక్కటీ తీగ అడ్డుకొలత మొత్తం ఆక్రమించేది. వాటి మధ్య సరిహద్దులు తీగకు అడ్డంగా నిలిచేవి. గ్రెయిన్లు ఆ సరిహద్దు వెంట పక్కకు జారి తీగ సన్నబడి కాలిపోయేది, చుట్టలు జారి వేలాడేవి. 1917 ప్రాంతంలో అలదార్ పాజ్ టంగ్‌స్టన్ ఆక్సైడుకు పొటాషియం, సిలికాన్ లాంటివి కలిపి జారని తీగ చేశాడు. ఎందుకు పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. దశాబ్దాల తర్వాత, 1960, 70ల్లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల కింద చూస్తే కారణం బయటపడింది. ఇలాంటి తీగల్లో కలిపే అల్యూమినియం, సిలికాన్ సింటరింగ్‌లో (పొడిని కాల్చి గట్టి ముక్క చేసేటప్పుడు) చాలావరకు బయటికి పోతాయి. టంగ్‌స్టన్‌లో కరగని పొటాషియం మాత్రం పది లక్షల పాళ్ళలో కొన్ని పదుల పాళ్ళు లోపల చిక్కుకుంటుంది. తీగ లాగినప్పుడు ఆ మచ్చలు పొడుగ్గా సాగి, వేడిచేస్తే నానోమీటర్ల కొలతలో బుడగల వరసలుగా విడిపోతాయి. వరసలన్నీ తీగ పొడుగునా ఉంటాయి. గ్రెయిన్ సరిహద్దు పక్కకు కదలబోతే ఆ బుడగలు పట్టుకుని ఆపుతాయి. పొడుగునా మాత్రం కదలనిస్తాయి. అందుకే రీక్రిస్టలైజేషన్ 1800 డిగ్రీలు దాటాకే మొదలవుతుంది, అది అయ్యాక కూడా గ్రెయిన్లు పొడుగ్గా, ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. అడ్డం సరిహద్దులు ఉండవు కాబట్టి జారడానికి చోటుండదు.

ఇది మీ మూడో ప్రశ్నకు నేరుగా తగిలే విషయం. ఆ తీగను కాపాడింది చిన్న గ్రెయిన్ కాదు. పొడుగైన, పెద్దదైన, అల్లుకున్న గ్రెయిన్. 2500 దగ్గర తన బరువుకే సాగకుండా ఉండాల్సిన వస్తువుకు పెద్ద గ్రెయిన్ మేలు, చల్లారినప్పుడు పగలకుండా ఉండాల్సిన వస్తువుకు చిన్నది మేలు. మీ ప్లేటు పని ఈ రెండిట్లో ఏదో ముందు తేల్చుకోండి.

మరి చిన్న గ్రెయిన్ సంగతి

ఫ్యూజన్‌కు చిన్న గ్రెయిన్ల మీద ఆశ పెట్టుకోవడానికి మంచి కారణాలే ఉన్నాయి. పగులును తట్టుకోవడం ఒకటి. న్యూట్రాన్లు తగిలి పుట్టే ఖాళీలు, చోటు తప్పిన పరమాణువులు ఎక్కడో ఒకచోట చేరి మాయమవ్వాలి. గ్రెయిన్ సరిహద్దు అలాంటి చోటు. సరిహద్దులు దగ్గరదగ్గరగా ఉంటే నష్టం పేరుకోవడం తగ్గుతుంది. మెలితిప్పి నలిచే పద్ధతుల్లో గ్రెయిన్‌ను మైక్రాన్‌లో చిన్న భాగం దాకా దించిన శుద్ధ టంగ్‌స్టన్ ఉంది. కానీ దాన్ని పనిచేసే వేడిలోకి తీసుకెళ్తే అంత కష్టపడి చేసిన నిర్మాణం చెరిగిపోయి గ్రెయిన్లు పెరిగిపోతాయి. అందుకే సరిహద్దులకు మేకులు కొట్టాలి: పొటాషియం బుడగలు, టైటానియం కార్బైడ్, లాంథనం ఆక్సైడ్, యిట్రియం ఆక్సైడ్ కణాలు. జపాన్‌లో తొహోకు విశ్వవిద్యాలయం వాళ్ళు టైటానియం కార్బైడ్ కణాలతో చేసిన టంగ్‌స్టన్ రీక్రిస్టలైజ్ అయ్యాక కూడా గది ఉష్ణోగ్రతలో కొంత వంగింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ కణాలూ ఉచితంగా రావు. కణాలు ముద్దగా చేరినచోట పగులు అక్కడే మొదలవుతుంది. లాంథనం ఆక్సైడ్ టంగ్‌స్టన్ కంటే ముందే కరుగుతుంది, కాబట్టి ఒక్క క్షణం ఉపరితలం బాగా వేడెక్కితే కణాలు ముందుగా ఊడి గుంటలు పడతాయి. ఉష్ణవాహకత కూడా కొంత తగ్గుతుంది. శుద్ధ టంగ్‌స్టన్ గది ఉష్ణోగ్రతలో మీటరుకు, కెల్విన్‌కు 170 వాట్ల దాకా వేడి పంపుతుంది, 1000 డిగ్రీల పైన అది 110 దగ్గరికి వస్తుంది. ఇందులో ఇంకా కోత పడితే ముఖం మరింత వేడెక్కుతుంది.

రీనియం అనే లోహాన్ని కలపడం ఇంకో దారి. స్క్రూ డిస్‌లొకేషన్ల కదలికనే తేలిక చేస్తుంది కాబట్టి ఇది మూలానికే మందు. ఆస్పత్రుల్లో సీటీ స్కాన్ యంత్రాల ఎక్స్‌రే ట్యూబులో తిరిగే ఆనోడ్ చక్రం మీద ఎలక్ట్రాన్లు పడే దారికి టంగ్‌స్టన్‌లో 5 నుంచి 10 శాతం రీనియం కలిపిన పొర వేస్తారు. వాడి పారేసిన ఆనోడ్‌లను నేను కోసి చూశాను. ఆ దారి నిండా సన్నటి పగుళ్ళ వల, పైన రీక్రిస్టలైజ్ అయిన పెద్ద గ్రెయిన్లు, కింద మాలిబ్డినం మిశ్రమం చెక్కుచెదరకుండా. పగుళ్ళున్నా చాలాకాలం పనిచేసింది, ఎందుకంటే అవి లోతు తక్కువగా, నిలువుగా ఉన్నాయి. రీనియం ధర మాత్రం ఫ్యూజన్ యంత్రం మొత్తానికి వాడే స్థాయిలో లేదు.

న్యూట్రాన్లు, హీలియం

మీ పరీక్షలో ఇవి లేవు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. హైడ్రోజన్ రూపాలైన డ్యూటీరియం, ట్రిటియం కలిస్తే వచ్చే న్యూట్రాన్ శక్తి 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. అది టంగ్‌స్టన్ పరమాణువుల్ని చోటు తప్పించడమే కాక కొన్నిటిని రీనియంగా, దాన్నుంచి ఆస్మియంగా మారుస్తుంది. మనం కలిపిన రీనియం మేలు చేస్తే ఇలా పుట్టిన రీనియం ఎందుకు చేయదని అడగొచ్చు. రేడియేషన్ నష్టం పక్కనే ఉండడంతో రీనియం, ఆస్మియం లోహంలో కరిగి ఉండకుండా చిన్న గట్టి కణాలుగా విడిపడతాయి. గట్టిదనం పెరుగుతుంది, డీబీటీటీ వందల డిగ్రీలు పైకి పోతుంది. ఇంకో హెచ్చరిక: ఫిషన్ (కేంద్రకాల్ని చీల్చే) రియాక్టర్లో పెట్టి పరీక్షించిన టంగ్‌స్టన్‌లో నెమ్మది న్యూట్రాన్ల వల్ల రీనియం ఫ్యూజన్‌లో కంటే ఎక్కువ పుడుతుంది. ఆ ఫలితాల్ని ఉన్నదున్నట్టు ఫ్యూజన్‌కు అంటించకూడదు.

ఆ కలయికలోనే పుట్టే హీలియం ముఖం మీద చేసే పని వేరు. దాదాపు 1000 నుంచి 2000 కెల్విన్ మధ్య, కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో హీలియం అయాన్లు విడవకుండా తగిలితే లోపల బుడగలు పుట్టి, ఉపరితలం నానోమీటర్ల మందమున్న పోగులుగా పైకి లేస్తుంది. దీన్ని ఫజ్ అంటారు. నల్లగా కనిపిస్తుంది. కింద గ్రెయిన్ ఎంత శ్రద్ధగా తయారుచేసినా ఆ పైపొర వేడిని పంపడంలో చాలా బలహీనం. కాబట్టి ప్లాస్మా ఎదుట మొదటి మైక్రాన్ల కథకూ, దిమ్మ లోతుల కథకూ వేర్వేరు లెక్కలు వేయాలి.

మీ రెండు ప్లేట్లను ఏం చేయాలి

పగిలినదాన్నీ నిలబడినదాన్నీ, ఇంకా వేడిచేయని ముక్కలు మిగిలుంటే వాటినీ కలిపి చూడండి. సప్లయర్‌ను ముందు అడగాల్సింది శుద్ధత కాదు: మొత్తం ఎంత శాతం నలిచారు, ఒకే దిశలో రోల్ చేశారా అడ్డదిడ్డంగానా, చివరి అనీలింగ్ ఎంత వేడిలో, సాంద్రత ఎంత. సింటర్ చేసినప్పుడు మిగిలిన రంధ్రాలు రోలింగ్‌లో మూసుకోకపోతే వేడిచేసినప్పుడు పగుళ్ళకు అవే పుట్టిల్లు. టంగ్‌స్టన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.25 గ్రాములు. మీ ముక్కను నీళ్ళలో తూచి ఎంత తక్కువుందో మీరే చూసుకోవచ్చు.

తర్వాత మూడు ముఖాల్నీ విడివిడిగా పాలిష్ చేయండి. పై ముఖం ఒక్కటే చూసి గ్రెయిన్ సైజు రాసేవాళ్ళు చాలామంది. పరుచుకున్న గ్రెయిన్ పైనుంచి గుండ్రంగానే కనిపిస్తుంది, పక్కముఖంలో చూస్తేనే అది పలచటి పొర అని తెలుస్తుంది. ఎచింగ్‌కు మురకామి ద్రావణం చాలు: పొటాషియం ఫెర్రిసయనైడ్, సోడియం హైడ్రాక్సైడ్ నీళ్ళలో. కొన్ని సెకన్లు, ఫ్యూమ్ హుడ్ కింద, యాసిడ్ దరిదాపుల్లో లేకుండా. ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గ్రెయిన్ల దిశ చూపే పద్ధతి) అందుబాటులో ఉంటే ఎచింగ్ బదులు సోడియం హైడ్రాక్సైడ్‌లో ఎలక్ట్రోపాలిష్ (కరెంటుతో నునుపు) చేసి దానిమీద చూడండి, తక్కువ కోణపు సరిహద్దులు కూడా బయటపడతాయి.

ముఖం నుంచి లోపలికి గట్టిదనం వరసగా కొలవండి. పైన 360 ఉండి లోపలికి పోయేకొద్దీ 430 దాటితే, ఎంత లోతుదాకా రీక్రిస్టలైజ్ అయిందో ఆ అంకెలే చెప్తాయి. పగులు ముఖాన్ని ఎస్‌ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) కింద చూడండి. గ్రెయిన్ల మధ్యనుంచి పోయిందా, గ్రెయిన్లను చీల్చుకుపోయిందా, పొరలుగా విడిందా?

ఒకటి మాత్రం మరిచిపోకుండా తనిఖీ చేయండి. నమూనాను వైర్ ఈడీఎంతో (తీగ నుంచి విద్యుత్ స్పార్కులతో కోసే యంత్రంతో) కోశారా? అలా కోసిన ముఖం మీద సన్నటి పగుళ్ళున్న పలచటి పొర మిగులుతుంది. టంగ్‌స్టన్‌లో ఆ పగుళ్ళే తర్వాతి పెద్ద పగులుకు బీజం. కోసిన ముఖాలన్నిటినీ గ్రైండ్ చేసి, వీలైతే ఎలక్ట్రోపాలిష్ చేసి తీసేయాలి. రెండు ప్లేట్లలో ఒకదాన్ని ఈడీఎంతో, ఇంకొకదాన్ని అబ్రేసివ్ చక్రంతో కోసి ఉంటే మీ పోలికే చెల్లదు.

ఫర్నేసు వాతావరణం కూడా రాయండి. గాలి తగిలితే 500 డిగ్రీలు దాటాక టంగ్‌స్టన్ వేగంగా ఆక్సీకరణ చెందుతుంది, 1000 దగ్గరికి వచ్చేసరికి ఆ ఆక్సైడు ఆవిరై పోవడం మొదలవుతుంది. గ్రాఫైట్ హీటర్లున్న ఫర్నేసైతే ముఖం కార్బన్ పీల్చి కార్బైడ్ పొర కట్టొచ్చు, అది కూడా పెళుసే.

ఇక చేతి జాగ్రత్తలు. అర మిల్లీమీటరు దాటిన షీటును చల్లగా వంచొద్దు, కత్తిరించొద్దు. కొన్ని వందల డిగ్రీలకు వేడిచేసి, వంపు గీత రోలింగ్ దిశకు అడ్డంగా వచ్చేలా పెట్టుకోండి. టంగ్‌స్టన్ మెష్ హీటర్‌ను మొదటిసారి పూర్తి వేడికి తీసుకెళ్ళాక దాన్ని విప్పడం, సర్దడం మానేయాలి. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకు ఫర్నేసు చూపించేటప్పుడు మొదట చెప్పేది ఇదే: కాలిన హీటర్‌ను తాకొద్దు, అది చూడ్డానికి నిన్నటిలాగే ఉంటుంది.

మీ తర్వాతి టెస్టుకు నా సలహా: చల్లార్చడం నెమ్మది చేసి ఒక విడత నడపండి, నమూనా కింది భాగాన్ని 400, 500 డిగ్రీల దగ్గర నిలిపి ఇంకో విడత నడపండి. రెండో విడతలో పగులు రాకపోతే మీ సమస్య డీబీటీటీదే, ప్లేటు చెడ్డది కాదు. రెండిట్లోనూ పగిలితే రంధ్రాలు, కోత ముఖాలు, కోసిన దిశ, ఈ వరసలో వెతకండి. గట్టిదనం అంకెలూ, పక్కముఖం ఫోటోలూ ఇక్కడ పెడితే చూసి చెప్తాను. ఫోటోలో రోలింగ్ దిశ ఎటో బాణం గుర్తు తప్పకుండా వేయండి.